గీత కదల్లేదు, తీగ కదిలింది

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చాలామందిని అనుమానించాను కానీ, విమానాలను అనుమానించినంతగా ఇంకెవరినీ అనుమానించలేదు. పాపం, వాటికి నేనెవరో కూడా తెలియదు. ఏ దేశం నుంచో అలసిపోయి వచ్చి శంషాబాద్‌లో చక్రాలు దించుకుందామని చూసే విమానానికి, కింద రావిర్యాల దగ్గర షెడ్డులాంటి భవనం ముందు ఓ కళ్లజోడు మనిషి నిలబడి తనను చూసి పళ్లు నూరుతున్నాడని ఎలా తెలుస్తుంది? ఆ కళ్లజోడు నాదే. పళ్లు కూడా అప్పటికి నావే.

నేను ఇంజనీరింగ్ చదివాను. తల నెరిసేదాకా కంట్రోల్ సర్క్యూట్లతోనే కాపురం చేశాను. అయినా ఆ వేసవిలో చేసినన్ని తెలివితక్కువ పనులు ఇంకెప్పుడూ చేయలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకోండి, అదీ ఒక పనే.

మా పని సంగతి ముందు కొంచెం చెప్పాలి. సింక్రోట్రాన్ అని ఒక యంత్రం ఉంటుంది. పెద్ద మైదానం చుట్టూ వేసినట్టుండే గుండ్రటి గొట్టం, లోపల గాలి కూడా ఉండదు. అందులో ఎలక్ట్రాన్ల పుంజం ఇంచుమించు కాంతి వేగంతో తిరుగుతూ ఉంటుంది. అయస్కాంతాలు దాన్ని వంచిన ప్రతిచోటా అది ఎక్స్‌రే వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగులో శాస్త్రవేత్తలు మందుల అణువుల నుంచి ఇనుములో పగుళ్ల దాకా ఏవేవో చూసుకుంటారు. చిక్కేమిటంటే, పుంజం తలవెంట్రుక మందంలో ఎన్నో వంతు పక్కకు జరిగినా వాళ్ల చూపు చెదిరిపోతుంది. అందుకని పుంజం ఎక్కడుందో సెన్సర్లతో క్షణక్షణం కనిపెట్టి, జరిగితే చిన్న అయస్కాంతాలతో మళ్లీ నడిమికి నెట్టే పెట్టె ఒకటి కావాలి. చూడటం, సరిదిద్దటం, మళ్లీ చూడటం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మా కంపెనీ అలాంటి పెట్టెలు చేసేది.

మా ల్యాబులో వైరింగు చూసే టెక్నీషియనుకు నేను మొదటిరోజు ఇదంతా వివరంగా చెప్పాను. ఆయనది పాల్మాకుల, ఇంచుమించు నా ఈడువాడే. అంతా విని, "ఫీడ్ అంటే మేత కదన్నా? బ్యాక్ అంటే ఎన్కకు. అంటే నెమరేసుడన్నట్టు" అన్నాడు. నేను నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే అంతకంటే మంచి తెలుగు మాట నాకు దొరకలేదు.

మాకు సింక్రోట్రాన్ ఎక్కడుంది? అందుకని గ్రానైటు బల్ల మీద ఒక సన్నటి తీగ బిగించి, దాన్నే ఎలక్ట్రాన్ల పుంజం అనుకునేవాళ్లం. తీగ ఎక్కడుందో సెన్సరు చెబుతుంది, మా పెట్టె పక్కనున్న రాగితీగ చుట్టలకు కరెంటు పంపి దాన్ని నడిమికి నెడుతుంది, తెర మీద ఒక గీత నడుస్తుంది. గీత తిన్నగా ఉంటే తీగ నిలకడగా ఉన్నట్టు. నా జీవితమంతా ఆ గీత మీదే ఆధారపడిందని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. నా రాత సంగతి దేవుడు చూసుకుంటాడు, గీత సంగతి నేను చూసుకోవాలి.

గీత మొదట్లో తిన్నగా ఉండేది కాదు. ఉన్నట్టుండి ఎగిరేది. ఒకసారి అది ఎగిరిన క్షణంలోనే తల మీదుగా విమానం పోయింది. అంతే, దొంగ దొరికాడనుకున్నాను. ఆ రోజు నుంచి ల్యాబులో ఒక చట్టం పెట్టాను. విమానం చప్పుడు వినిపిస్తే ఎవరూ కదలకూడదు. ఎక్కడివాళ్లు అక్కడే. వేసవిలో ఎప్పుడూ చల్లగా ఉండే గది మాదొక్కటే కాబట్టి మిగతా సెక్షన్లవాళ్లు కూడా టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని అక్కడే తినేవాళ్లు. విమానం రాగానే ముద్ద నోటి దగ్గర ఆగిపోయేది. ఒకాయన నీళ్లు తాగుతూ ఆగలేక పొలమారి దగ్గాడు. నేను ఆయనను చూసిన చూపు ఇప్పుడు తలుచుకుంటే నాకే దగ్గొస్తుంది.

అంతటితో ఊరుకున్నానా? సెన్సరు కేబుళ్లు నేల మీద ఉన్నాయి, విమానాలకు నేల అదురుతోంది, అందుకే గీత ఎగురుతోందని తేల్చి, కేబుళ్లన్నీ నేల మీంచి తీయించి గోడకు క్లిప్పులు కొట్టించాను. పడమటి గోడకు. అద్భుతం జరిగింది. ఎగరడం ఆగిపోయింది. పెట్టె ఆన్ చేస్తే గీత పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిన్నగా నడిచింది. ల్యాబంతా మైసూర్‌పాక్ పంచాను.

మైసూర్‌పాక్ చేతిలో పట్టుకుని, తినకుండా, తెర ముందు నిలబడ్డ మనిషి ఒకామె. మా ల్యాబులో నాకు తోడున్న ఇంజనీరు. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగింది, వాళ్లమ్మ అక్కడి మిషన్ దవాఖానలో నర్సు. ఆదివారం చర్చిలో పాడే గొంతు, సోమవారం మాత్రం నన్ను తప్ప ఎవరినీ ఏమీ అనేది కాదు.

"సార్, బల్ల ఆ చివర ఇంకో సెన్సర్ పెట్టిన. పెట్టెకు కలపలే. ఊకె చూస్తానికి" అంది.

"మంచిది. ఏమంటున్నదది?"

"మధ్యాహ్నమైతే తీగ జరుగుతున్నదంటున్నది సార్. మెల్లగ. పొద్దు గూకినంక మళ్ల వస్తున్నది."

"గీత చూసినవా? గిట్ల రైలు పట్టా లెక్క ఉన్నది. ఇది కదలలేదంటుంటే అది కదిలిందంటదేందమ్మా? దాన్ని మార్చి ఇంకోటి పెట్టు."

మార్చింది. కొత్తదీ అదే మాట చెప్పింది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. మూడు సెన్సర్లు ఒకే మాట చెబితే మామూలు మనిషి నమ్ముతాడు. నేను ఆ కంపెనీ సెన్సర్లు కొనడం మానేయాలని నిర్ణయించాను.

ఆలోగా మేనేజరుగారు నన్ను తన గదికి పిలిచారు. కోస్తావైపు మనిషి, మాట మెత్తన, నన్ను మాస్టారూ అనేవారు. దూరాన మరో రాష్ట్రంలో ఉన్న సింక్రోట్రాన్ నుంచి ఒక శాస్త్రవేత్త మా పెట్టెను పరీక్షించడానికి వస్తున్నారనీ, ఆయన సరేనంటే పెద్ద ఆర్డరనీ చెప్పారు. తర్వాత గొంతు ఇంకొంచెం మెత్తన చేశారు.

"ఆ అమ్మాయి కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది మాస్టారూ. ఈ పరీక్ష గట్టెక్కితే పర్మనెంట్ చేద్దాం. లేదంటే ల్యాబు ఎత్తేసి ఆ గదిలో వోల్టేజీ స్టెబిలైజర్ల గోడౌను పెట్టమంటున్నారు పైవాళ్లు. మీకేం, మిమ్మల్ని ఎక్కడైనా సర్దుతాం."

ఎలక్ట్రాన్లను నిలబెట్టే గదిలో ఫ్రిజ్‌లను నిలబెట్టే డబ్బాలు పెడతారట. ఆ మాటకు నవ్వు రావాలి, కానీ రాలేదు. ఆమె ఆ ఏడే పాపను బడిలో వేసింది. ఈ పని వదిలితే ఇటువైపు ఇలాంటి పని ఇంకెక్కడా లేదు, ఆమెకు ఈ పని తప్ప వేరేది ఇష్టమూ లేదు.

పరీక్షకు ముందురోజు ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. "రేపు ఆ రెండో సెన్సర్ పెట్టకు బిడ్డా. నీ మేలు కొరకే చెప్తున్న. తెర మీద ఒక్క గీతుంటే చాలు."

"అది ఖరాబైంది కాదు సార్."

"ఖరాబైతే కాకపోతే ఏంది, రేపొక్కరోజు."

ఆమె సెన్సరు తీసి, కేబులు చుట్టి, సొరుగులో పెట్టింది. సొరుగు కొంచెం గట్టిగానే మూసింది.

పరీక్ష సమయం నేనే ఎంచుకున్నాను. అన్నాళ్లుగా ఆకాశం చూసిన అనుభవంతో, మధ్యాహ్నం భోజనాల తర్వాత విమానాలు పలచబడతాయని లెక్క తేల్చాను. ముహూర్తం పెట్టిన పంతులుకు కూడా అంత ధీమా ఉండదు.

శాస్త్రవేత్త వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, భుజానికి సంచీ. ఆయనా తెలుగువారే. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, బల్లకు దండం పెట్టినంత పని చేసి, తెర ముందు కూర్చున్నారు. గీత నడుస్తోంది. తిన్నగా. బయట ఎండ మండుతోంది. మేనేజరుగారు కూడా వచ్చి నిలబడ్డారు, ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. విమానం ఒకటి పోయింది. అలవాటు కొద్దీ మేమంతా బిగుసుకుపోయాం. శాస్త్రవేత్త ఒక్కరే కదులుతూ మమ్మల్ని వింతగా చూశారు.

చాలాసేపు చూశాక అన్నారు. "చాలా బాగుందండీ. కానీ ఈ గీత పెట్టె చూసే సెన్సరుదే కదా? అంటే మీ పెట్టె దేన్ని చూసి సరిదిద్దుతోందో, దాన్నే నాకు చూపిస్తున్నారు. ఆ సెన్సరు తప్పు చెబితే పెట్టె తీగను ఆ తప్పు దగ్గరికే లాక్కెళ్లి నిలబెడుతుంది. గీత మాత్రం ఇలా తిన్నగానే ఉంటుంది. పెట్టెకు సంబంధం లేని సెన్సరేమన్నా ఉందా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఇప్పటికీ తెలియదు. లేదనే చెప్పి ఉండేవాణ్నేమో. మేనేజరుగారు నా వైపు చూస్తున్నారు. నేను ఆమె వైపు చూశాను. ఆమె లేదంటే పరీక్ష గట్టెక్కుతుంది, నెలాఖరు తర్వాత కూడా ఆమె ఇక్కడే ఉంటుంది.

"ఉన్నది సార్," అంది ఆమె. "పెడ్త."

సొరుగు తెరిచి, సెన్సరు బిగించింది. తెర మీద రెండో గీత మొదలైంది. మొదటి గీత పక్కన, దానికి దూరంగా. ఇంకా దూరమవుతూ.

శాస్త్రవేత్త దాన్ని చూసి, గడియారం చూసి, "నా ఫ్లైటు ఎలాగూ ఇక్కడి నుంచే. సాయంత్రం వరకూ కూర్చుంటాను. ఎందుకో కనిపెట్టండి," అన్నారు. కోపంగా కాదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

మేనేజరుగారు ఫోను చూసుకుంటూ బయటికి వెళ్లారు. గోడౌనుకు కొలతలు చెబుతున్నారేమో అనుకున్నాను. నేను కూడా ముఖం చూపించలేక వెనకవైపుకు పోయాను. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు చూడండి, వెళ్లింది ఆకాశం చూడటానికే. ఒక్క విమానమైనా కనబడితే దాని మీద తోసేద్దామని. ఆకాశం ఖాళీ. ఉసూరుమంటూ గోడకు వీపు ఆనించాను.

ఆనించినవాణ్ని ఆనించినట్టే ఎగిరి దూకాను. చొక్కా లోంచి వీపు చురుక్కుమంది. రొట్టె కాల్చుకోవచ్చు ఆ గోడ మీద. అది పడమటి గోడ.

అప్పుడే ఆమె వచ్చింది. "సార్, లోపటికి రండ్రి. ఆయన మిమ్మల్ని అడుగుతుండు."

"అమ్మా, ఈ గోడ మీద చెయ్యి పెట్టు."

"ఎందుకు సార్?" అంటూనే పెట్టి, ఠక్కున తీసేసింది. చెయ్యి వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. గోడకు అవతల, సరిగ్గా అంత ఎత్తునే, నేను దగ్గరుండి క్లిప్పులు కొట్టించిన కేబుళ్లు. కేబులు వేడెక్కితే అందులో సిగ్నలు మారుతుందని మేమిద్దరం కాలేజీలో చదివే వచ్చాం. పెట్టె చూసే మొదటి సెన్సరు కేబుళ్లే గోడ మీదున్నాయి. రెండోదాని కేబులు పొట్టిది, బల్ల మీదే ఉంది. రోజూ మధ్యాహ్నం గోడ కాగుతోంది, మొదటి సెన్సరు అబద్ధం మొదలుపెడుతోంది, నా పెట్టె ఆ అబద్ధానికి నిజాయితీగా సేవ చేస్తోంది. విమానాలు లేని వేళ చూసి, గోడ బాగా కాగే వేళకే పరీక్ష పెట్టించాను నేను.

"సార్, మీరు గోడకు ఒరగకపోయి ఉంటే?" అంది.

"ఇంకో విమానం కోసం చూస్తుండేటోణ్ని."

ఆమె నవ్వింది. ఆ రోజు అదే మొదటి నవ్వు. ఇద్దరం లోపలికి పరిగెత్తాం.

టెక్నీషియన్ క్లిప్పులు పీకుతుంటే నేను కేబుళ్లు అందుకుని బల్ల కింద నేల మీదికి దించాను. వాటికి గోడ సెగ సోకకుండా కప్పడానికి ఏదైనా కావాలి. ప్యాకింగు థర్మోకోల్ చాల్లేదు. వాచ్‌మన్ గదిలోంచి ఆయన బొంత తెచ్చి కప్పాం. అంత సున్నితమైన పరికరం మీద అన్ని రంగుల అతుకుల బొంత! శాస్త్రవేత్త లేచి వచ్చి దాన్ని తడిమి చూసి, "మా దగ్గర దీన్నే చాలా గొప్ప పేరుతో కొంటాం," అన్నారు.

ఇక వేచి ఉండటమే. కేబుళ్లు చల్లబడాలి. బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉండగా టెక్నీషియన్ మెల్లగా నా చెవిలో అన్నాడు.

"అన్నా, నువ్వు కోప్పడనంటే ఒకటి చెప్త. కేబుళ్లు గోడకెక్కిస్తున్నప్పుడు ఒక కనెక్టర్ లూజుండె. బిగించిన. గీత ఎగురుడు ఆగింది దాంతోనే కావచ్చు."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు గంత ఖుషీగ మైసూర్‌పాక్ పంచుతుంటివి. ఖరాబ్ చేసుడెందుకని."

పెట్టె చేసిన తప్పూ నా తప్పూ ఒకటేనని అప్పుడు తెలిసింది. నా ముఖం చూసి, నాకు ఏది ఇష్టమో అదే చెప్పే మనుషులను చుట్టూ తయారు చేసుకున్నాను. వాళ్లు చెప్పింది విని అంతా తిన్నగా ఉందనుకున్నాను. ఇష్టం లేని మాట చెప్పిన ఒక్క మనిషిని పట్టుకుని సెన్సరు మార్చమన్నాను. మీలో ఎవరైనా రేపు నలుగురి మీద పెద్దగా కూర్చుంటే, అందరూ తలూపుతున్నప్పుడు జర భయపడండి.

రెండో గీత మెల్లగా దగ్గరికి రాసాగింది. టీ చల్లారిపోయింది. శాస్త్రవేత్త బయల్దేరే వేళకు రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి, ఒకే మంచం మీద పడుకున్న అన్నదమ్ముల్లా నడుస్తున్నాయి.

మేనేజరుగారు వచ్చి ఆనందంగా పెన్ను తీశారు. శాస్త్రవేత్త తల అడ్డంగా ఊపారు.

"ఇంతసేపు చూసి సంతకం పెట్టలేనండీ. కేబుళ్లకు సరైన దారి చేసి, కొన్నాళ్లు రాత్రీ పగలూ నడపండి. రెండు సెన్సర్ల గీతలూ పెట్టి రిపోర్టు పంపండి, చూసి ఆర్డరు సంగతి చెబుతాం. కింద ఈ అమ్మాయి సంతకం ఉండాలి."

"ఆవిడ కాంట్రాక్టు అండీ. ఆవిడ సంతకం చెల్లదు. నేను పెడతాను."

శాస్త్రవేత్త వంగి చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ అన్నారు. "సొరుగులోంచి సెన్సరు తీసి బిగించింది ఆవిడ కదండీ. చెల్లేలా చేయండి. మేం ఆగుతాం."

నెలాఖరు రాకముందే ఆమెకు పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. రిపోర్టు వెళ్లింది. ఆర్డరూ వచ్చింది. గోడౌను ఇంకెక్కడో పెట్టుకున్నారు.

కథ ఇక్కడితో ఆపితే అందరం మంచివాళ్లమయ్యేవాళ్లం. కానీ ఆర్డరు వచ్చిన సందర్భంలో జరిగిన మీటింగులో మేనేజరుగారు తెర మీద ఒక బొమ్మ వేసి, పెట్టెకు సంబంధం లేని సెన్సరు ఉండి తీరాలని తాను మొదటి నుంచీ పట్టుబట్టినట్టు చెప్పుకొచ్చారు. పైవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను పక్కకు తిరిగి ఆమెను చూశాను. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది, పెదవి బిగబట్టి.

బయటికి వచ్చాక, "పోనీయుండ్రి సార్. నాకు ఉద్యోగం దొరికింది, ఆయనకు చప్పట్లు దొరికినయి," అంది.

ఆమె పోనిచ్చింది. నాకు అంత పెద్దమనసు లేదు. పెట్టెలు పరీక్షించే పద్ధతి మీద కొత్తగా ఒక నియమావళి రాయమని నన్నే అడిగారు. రాశాను. చాలా పొడుగ్గా, కావాలనే విసుగు పుట్టేలా రాశాను. అందులో బొంతలు, గోడలు, కేబుళ్లు అన్నీ దాటాక, ఎక్కడో నడిమధ్యలో ఒక వాక్యం పెట్టాను. మేనేజరుగారికి కాగితాలు చదివే అలవాటు లేదు. ఆఖరి పేజీ తిప్పి, సంతకం పెట్టి, "అద్భుతం మాస్టారూ," అన్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, మొదటి విడత పెట్టెలు ఎక్కించుకోవడానికి లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. మేనేజరుగారు చెమటలు తుడుచుకుంటూ రిపోర్టు పట్టుకుని ల్యాబులోకి వచ్చారు, పెన్ను తెరిచే ఉంది.

"జర ఆగుండ్రి సార్," అంది ఆమె, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంకా చూస్తున్న."

"సంతకం నాదేగా అమ్మా. లారీ వెళ్లిపోతుంది."

ఆమె నియమావళి తెరిచి ఆయన ముందు పెట్టింది. పెట్టెతో సంబంధం లేని సెన్సరును చూసే ఇంజనీరు ముందు సంతకం పెట్టాలి, ఆ సంతకం లేనిదే దాని కింద మేనేజరు సంతకం చెల్లదు అని ఉంది అక్కడ. ఆయన రెండుసార్లు చదివారు. ఆఖరి పేజీకి వెళ్లి తన సంతకం తానే చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇది రాసింది మీరేనా మాస్టారూ?"

"రాసింది నేనే సార్," అన్నాను. "చెల్లేలా చేసింది మాత్రం మీరే."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. గేటు దగ్గర లారీవాడు హారను కొట్టాడు. ఆమె తొందరపడలేదు. నేను వెళ్లి ముగ్గురికీ టీ తెచ్చాను.